నాన్నగారి పాత కంప్యూటర్‌కు సరిపడే ర్యామ్

మా నాన్నగారి డెస్క్‌టాప్ 2010లో కొన్నది. అందులో ఉన్నది ఇంటెల్ జీ41 చిప్‌సెట్ మదర్‌బోర్డు, కోర్ 2 డ్యుయో ఈ7500 ప్రాసెసర్, 2 జీబీ డీడీఆర్3 తరం ర్యామ్. పదవీ విరమణ తర్వాత ఆయన తెలుగులో టైపు చేసుకున్న వ్యాసాలన్నీ దానిలోనే ఉన్నాయి, ఆ కీబోర్డుకు చేతులు అలవాటుపడ్డాయి, అందుకే కొత్తది కొందామంటే ఆయన ఒప్పుకోలేదు. బ్రౌజర్‌లో రెండు ట్యాబులు తెరిస్తే చాలు, హార్డ్‌డిస్క్ లైటు ఆగకుండా వెలుగుతూ, టైపు చేసిన అక్షరం కాసేపటికి గానీ తెరమీద కనిపించేది కాదు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఎప్పుడు చూసినా నిండిపోయే ఉండేది, ప్రాసెసర్ మాత్రం ఖాళీగా ఉండేది. కాబట్టి ర్యామ్ పెంచితే సరిపోతుందని తేల్చుకున్నాను.

మా ఊళ్లోని ఒక దుకాణంలో 4 జీబీ ర్యామ్ అడిగితే, డీడీఆర్3 అయితే ఏదైనా పడుతుందని చెప్పి ఇచ్చారు. ఇంటికి తెచ్చి బిగిస్తే స్లాట్‌లో చక్కగా కూర్చుంది, కానీ కంప్యూటర్ బీప్‌మంటూ ఉండిపోయింది తప్ప తెరమీదకు ఏమీ రాలేదు. పాతది తిరిగి పెడితే మామూలుగా ఆన్ అయింది. ర్యామ్ చెడిపోయి ఉంటుందని మార్చి తెచ్చుకున్నాను, రెండోదీ అలాగే చేసింది.

అప్పుడు పాత ర్యామ్‌ను, కొత్త ర్యామ్‌ను పక్కపక్కన పెట్టి దీపం కింద చూశాను. రెండింటికీ గాడి ఒకే చోట ఉంది, రెండింటికీ 240 పిన్నులే. తేడా చిప్పుల్లో ఉంది. 2 జీబీ ర్యామ్‌కు రెండు వైపులా ఎనిమిదేసి చొప్పున పదహారు చిప్పులు ఉంటే, 4 జీబీ ర్యామ్‌కు ఒక వైపు ఎనిమిదే ఉన్నాయి, వెనుక వైపు ఖాళీ. లెక్క వేస్తే పాతదానిలో ఒక్కో చిప్పు 128 ఎంబీ, కొత్తదానిలో ఒక్కో చిప్పు 512 ఎంబీ. జీ41లోని మెమరీ కంట్రోలర్, అంటే ర్యామ్‌ను నడిపే భాగం, ఒక్కో చిప్పుకు 256 ఎంబీ వరకే చిరునామాలు ఇవ్వగలదు, అంతకంటే పెద్ద చిప్పులు వాడుకలోకి రాకముందు తయారైనది అది. అంటే ఆ బోర్డుకు 4 జీబీ ర్యామ్ పనికివస్తుంది, అయితే ఆ 4 జీబీ పదహారు చిప్పుల్లో పరుచుకుని ఉండాలి.

చిప్పులు లెక్కపెట్టడంతోనే పని అయిపోదు. ఇంటెల్‌కు పోటీ కంపెనీ అయిన ఏఎండీ ప్రాసెసర్ల బోర్డులకు మాత్రమే అని అమ్మే చవక ర్యామ్‌లలో కూడా చాలావాటికి పదహారు చిప్పులు ఉంటాయి, కానీ వాటి చిప్పుల అమరిక వేరు కాబట్టి ఇంటెల్ బోర్డులు వాటిని గుర్తించవు. అందువల్ల స్టిక్కర్ చదవడం అన్నిటికంటే ముఖ్యం. దానిమీద 2ఆర్ఎక్స్8 అని ఉంటే, ఎనిమిది బిట్ల వెడల్పు గల చిప్పులు రెండు వరుసలుగా ఉన్నాయని అర్థం, జీ41కు కావలసిన 4 జీబీ ర్యామ్ అదే. 1ఆర్ఎక్స్8 అని ఉన్న 4 జీబీ ర్యామ్ నేను మొదట తెచ్చిన రకం. ఆ పక్కనే పీసీ3-10600యూ వంటి అంకె ఉంటుంది. చివరి అక్షరం యూ అయితే మామూలు డెస్క్‌టాప్‌ది, ఆర్ అయితే సర్వర్‌ది, ఎస్ అయితే ల్యాప్‌టాప్‌ది. సర్వర్ల నుంచి తీసిన ర్యామ్ చాలా తక్కువ ధరకు దొరుకుతుంది, అయినా ఇటువంటి డెస్క్‌టాప్‌లో అది నడవదు.

వేగం గురించి అంతగా బెంగపడనక్కరలేదు, 10600 అంటే 1333 వేగం, ఈ బోర్డులో అది 1066కు తగ్గి నడుస్తుంది. వోల్టేజి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఈ తరం బోర్డులు ఇచ్చేది 1.5 వోల్టులు, ఇంటెల్ ఆరో తరంలో డీడీఆర్3 స్లాట్లున్న బోర్డులకు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ వేయాలి.

తరువాత సికింద్రాబాద్ వెళ్లినప్పుడు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వాడిన ర్యామ్‌లు పెట్టుకున్న ఒకాయన దగ్గర, 2ఆర్ఎక్స్8 స్టిక్కర్ ఉన్నవి రెండు, ఒకే కంపెనీవి, ఏరుకుని తెచ్చాను. రెండూ ఒకే రకమైతే ర్యామ్‌కు వెళ్లే రెండు దారులూ (చానళ్లు) కలిసి పనిచేస్తాయి. పిన్నులను రబ్బరుతో మెల్లగా తుడిచి, గాడి చూసుకుని, రెండు కొనల మీద సమానంగా నొక్కితే క్లిప్పులు టక్కుమని పట్టుకున్నాయి. బయోస్‌లో 8 జీబీ కనిపించింది. అప్పటివరకు ఉన్న 32 బిట్ విండోస్ 4 జీబీ దాటి వాడుకోలేదు గనుక నాన్నగారి ఫైళ్లు వేరే డిస్క్‌లోకి తీసి, 64 బిట్‌ది వేశాను. ఆ రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రాము నడిపితే తెల్లవారేసరికి తప్పుల వరుసలో సున్నా ఉంది.

మొదట కొన్న ఎనిమిది చిప్పుల ర్యామ్‌ను తమ్ముడి కంప్యూటర్‌లోని, జీ41 కంటే కొత్తదైన ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ బోర్డులో పెట్టి చూశాము. మొదటిసారి ఆన్ చేయగానే 4 జీబీ అని చూపించింది, ఇప్పటికీ అందులోనే పనిచేస్తోంది.