మంచు పడని గుల్మార్గ్‌లో

2024 జనవరి మొదట్లో స్కీయింగ్ కోసం కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్ళాం. టాంగ్‌మార్గ్ దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నంతసేపూ చెట్ల మధ్య మంచు కోసం వెతుకుతూనే ఉన్నాం. పైకి చేరాక కనిపించింది ఎండుగడ్డి! అదీ చిల్లై కలాన్‌లో. డిసెంబరు 21న మొదలై 40 రోజులుండే ఈ గడ్డు చలిలో పడ్డ మంచే గట్టిపడి చాలాకాలం నిలుస్తుంది.

గోండోలాలో (తీగల మీద నడిచే కేబుల్ కార్‌లో) అఫర్వత్ కొండ దాకా వెళ్ళాం. దాదాపు 13 వేల అడుగుల ఎత్తు. అక్కడా మంచు పలుచగానే ఉంది, రాళ్ళు బయటపడ్డాయి. మధ్యధరా సముద్రం వైపు నుంచి తేమను మోసుకొచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లనే వాతావరణ అలజడులే కశ్మీర్‌కు చలికాలపు మంచును తెస్తాయి. ఆ ఏడాది అవి మొహం చాటేశాయి. పైగా ఎల్‌నినో, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి వాతావరణం తారుమారయ్యే స్థితి. వేడి పెరిగేకొద్దీ, తక్కువ ఎత్తుల్లో మంచుగా పడాల్సింది వానగా పడిపోతుంది.

"మెషీన్లతో మంచు చేయొచ్చు కదా?" అని మాలో ఒకరు అడిగారు. చేయొచ్చు. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్ దాదాపు మొత్తం అలాంటి మంచు మీదే నడిచాయి. కానీ చిమ్మిన నీటి తుంపరలు నేలకు చేరేలోపు గడ్డకట్టాలంటే చలి ఉండాలి. గాలిలో తేమ ఎక్కువైతే ఇంకా ఎక్కువ చలి కావాలి. అన్నిటికంటే ముందు నీళ్ళు కావాలి. మంచు పడని ఏడాది వాగులూ ఊటలూ సన్నబడతాయి. ఆ నీళ్ళ కోసం కింద పొలాలూ తోటలూ ఎదురుచూస్తుంటే, మన సరదాకి వాలు మీద చల్లడం నాకు నచ్చలేదు.

మా గైడ్ బాధ వేరు. పోటీలనైతే వాయిదా వేస్తారు. (2025లో మంచు లేక గుల్మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ పోటీలను ఫిబ్రవరి నుంచి మార్చికి జరిపారు కూడా.) మంచు మీద జారే స్లెడ్జి బండి లాగేవాళ్ళ కూలి వాయిదా పడదు, పోతుంది. మంచు చాలకపోతే స్కీయింగ్‌ను ఇంకా పైకి తీసుకెళ్ళొచ్చు, కానీ అఫర్వత్ వాలు మీద కొత్తవాళ్ళు నిలబడలేరు. నేర్పేవాళ్ళకు, స్లెడ్జివాళ్ళకు పని దొరికేది కింది మైదానంలోనే. అందుకే మంచుతో పనిలేని నడకలు, పక్షుల పరిశీలన, వేసవి ట్రెక్కింగ్ వాళ్ళ చేతికి రావాలి. మంచు పడని ఏడాదికి బీమా ఉండాలి.

స్కీయింగ్‌కి అనుకున్న డబ్బే ఇచ్చి, గైడ్‌తో అడవిలో నడిచాం. చెట్లు, జంతువుల అడుగుజాడలు, మంచుచరియలు జారే దారులు ఒక్కొక్కటే చూపించాడు. ఆ నెలాఖరుకు మంచు పడింది. ఎవరైనా వెళ్తుంటే, తేదీలు మార్చుకునే వీలున్న బుకింగే చేసుకోండి. మంచు లేకపోయినా గైడ్‌ను మాత్రం వద్దనకండి.