14 అడుగుల అల్యూమినియం పడవ: రివెట్ల నుంచి తీగల దాకా

డాలస్ పక్కనున్న లూయిస్‌విల్ జలాశయంలో వైట్ బాస్, క్రాపీ చేపల కోసం కొన్న పాత పడవ ఇది. పొడవు 14 అడుగులు, అడుగుభాగం వెడల్పు 36 అంగుళాలు, అంతా రివెట్లతో బిగించినదే. పెట్రోలు ఇంజను పెట్టను. 12 వోల్టుల విద్యుత్ మోటారు చాలు. పాత పడవ చేతికి రాగానే నేల వేయాలని మనసు తొందరపెడుతుంది. కానీ నేల వేశాక కారే రివెట్టును పట్టుకోవడం కష్టం. అందుకే ముందు కారుడు పని చూశాను.

పడవను ట్రైలరు మీదే ఉంచి, అడుగున అదనంగా దుంగలు ఆనించి, లోపల నాలుగు అంగుళాల నీళ్లు పట్టాను. అంతకు మించి నింపకూడదు, నీటి బరువు అల్యూమినియం రేకును వంచేస్తుంది. బయట తడి కనబడిన ప్రతి రివెట్టు చుట్టూ మార్కరుతో గీశాను. తర్వాత నీళ్లు తీసేసి, మా బావమరిది బయటి నుంచి రివెట్టు తలకు బరువైన ఇనుప దిమ్మ అదిమిపట్టగా, నేను లోపలి నుంచి సుత్తితో కొట్టి బిగించాను. ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. బిగించినవాటిపై లోపల పడవలకు వాడే సీలెంటు రాశాను.

కూర్చునే మధ్య బల్ల తీసేస్తే నిలబడి గాలం వేయడానికి బోలెడు చోటు వస్తుందని చాలామంది కోసేస్తారు. నేను ఒప్పుకోను. ఇంటికి దూలం ఎలాగో పడవ పక్కలకు ఆ బల్ల అలాగ. అది లేకపోతే పక్కలు బయటికి విచ్చుకుంటాయి. పైగా దాని లోపల ఉన్న నురగ, పడవలోకి నీళ్లు నిండినా మునిగిపోకుండా పట్టుకునేది. పాత నురగ నీళ్లు పీల్చి బరువెక్కింది. దాన్ని తీసి, గట్టి నీలిరంగు నురగ పలకలు అదే కొలతకు కోసి దూర్చాను. ఈ పలకలు పెట్రోలు తగిలితే కరిగిపోతాయి. పెట్రోలు ఇంజను ఉన్నవారు వేరే రకం చూసుకోవాలి.

నేలకు అరంగుళం ప్లైవుడ్ తీసుకున్నాను. చెద పట్టకుండా రాగి మందు ఎక్కించిన చెక్క మాత్రం వద్దు. తడి తగిలితే అందులోని రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది. మామూలు ప్లైవుడ్‌కే ఎపాక్సీ (తడి దిగనివ్వని గట్టి జిగురు పూత) మూడు పూతలు వేశాను, కోసిన అంచులకు ఇంకాస్త ఎక్కువే. నేలకూ పక్కలకూ మధ్య వేలెడంత సందు వదిలాను. టెక్సస్‌లో జలాశయం నుంచి బయటికి వచ్చేటప్పుడు పడవలోని నీరంతా తీసేయాలి. జీబ్రా మసెల్ అనే ఆల్చిప్ప ఒక నీటి నుంచి మరో నీటికి పాకకుండా పెట్టిన నిబంధన అది. నీళ్లు నేల కింద నిలవకుండా అమరం (పడవ వెనక భాగం) దగ్గరి బిరడా రంధ్రానికి చేరాలంటే ఆ సందు ఉండాల్సిందే.

మోటారు పడవను తోసే బలం 55 పౌండ్లు, అది అణియం (పడవ ముందు భాగం) మీద కూర్చుంటుంది. పూర్తి వేగంలో దాదాపు 50 ఆంపియర్లు లాగుతుంది. అందుకే మందపాటి 6 గేజి తీగ, కరెంటు మితిమీరితే తెగ్గొట్టే 60 ఆంపియర్ల బ్రేకరు వాడాను. బ్రేకరు బ్యాటరీ పక్కనే ఉండాలి, మోటారు దగ్గర కాదు. ఎందుకంటే మధ్యలో తీగ ఒరుసుకుపోతే కాపాడేది అదే. రుణ తీగను పడవ రేకుకు కలపకూడదు, రేకు తుప్పు పడుతుంది. రెండు తీగలూ విడిగా బ్యాటరీ వరకు రావాలి. 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ దాదాపు 11 కిలోలు. సీసపు బ్యాటరీ దానికి రెట్టింపు కన్నా ఎక్కువే తూగుతుంది. నేను అణియంలో కూర్చుంటాను కాబట్టి బ్యాటరీని మధ్య బల్ల వెనక నేలకు పట్టీలతో కట్టాను. గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టకూడదు. ఛార్జరు ఇంట్లోనే ఉంచుకున్నాను.

ఇక మిగిలినవి దీపాలు. ముందు ఎడమన ఎరుపు, కుడిన ఆకుపచ్చ, వెనక ఎత్తైన కడ్డీ మీద అన్ని వైపులా కనబడే తెల్లది. వీటికి సన్న తీగలే చాలు, వేరే ఫ్యూజు పెడతాను. ఆ తర్వాత ఇద్దరం ఎక్కి, లంగరుతో సహా సామాను వేసి, ఒడ్డు దగ్గరి లోతులేని నీటిలో పడవ ఎటు ఒరుగుతుందో చూసి బ్యాటరీ చోటును ఖాయం చేస్తాం.