కారు షెడ్డు లెక్క

హైదరాబాద్‌లో ఇంటికి విడిగా 10×20 అడుగుల కారు షెడ్డు వేయిస్తుంటే చదరపు అడుగు రేటుకి ఒప్పుకోకండి. ఆ బేరంలోనే ఇనుము పలచబడుతుంది. ఫ్యాబ్రికేటర్‌తో (ఇనుప పని చేసేవాడితో) కిలో లెక్కన మాట్లాడి కాటా చీటీ అడగండి. రెండంగుళాల చదరపు పైపు, 2 ఎంఎం మందం, 20 అడుగుల నిడివి అయితే సుమారు 18 కిలోలు తూగాలి. 14, 15 దగ్గర ఆగిందంటే వచ్చింది 1.6 ఎంఎం.

నేలకి 4 అంగుళాల కాంక్రీటు అంటే 67 ఘనపుటడుగులు; 1:1.5:3 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) దాదాపు 15 బస్తాల సిమెంటు. కింద మొరం తడిపి దిమ్మిస కొట్టించకపోతే మందం పెంచినా పగుళ్లు ఆగవు. 20 అడుగుల నిడివి మీద గేటు వైపు రెండున్నర అంగుళాల వాలు ఇవ్వండి.

స్తంభాలకి గుంతలు తవ్వితే మన నగరంలో చాలా ప్లాట్లలో రెండుమూడు అడుగులకే బండ తగులుతుంది. అది విడి గుండు కాకుండా పరుపు బండ (నేల కింద పరుచుకున్న రాయి) అయితే పగలగొట్టించే ఖర్చు దండగ. ఇంజినీరుకి చూపించి, బండలోకే డ్రిల్ చేసి కెమికల్ యాంకర్‌తో (రాడ్డుని రంధ్రంలో పట్టి ఉంచే జిగురుతో) స్తంభాల రాడ్లు దించితే ఈ తేలిక షెడ్డుకి సరిపోతుంది.

రేకులు కొలతకి కోయించి తెప్పిస్తే అతుకులుండవు. మే నెల గాలిదుమారానికి ముందు లేచేది అంచు రేకు, అక్కడ స్క్రూలు దగ్గరదగ్గరగా, రబ్బరు వాషర్లతో. స్క్రూల దగ్గర మాత్రం పొదుపు వద్దు. బడ్జెట్ చాలకపోతే రోలింగ్ షట్టర్ వచ్చే ఏడాదికి వాయిదా వేయండి, దాని గైడ్లకి (షట్టర్ జారే పక్క పట్టాలకి) చోటు వదిలి.