సూది, ఫ్లాస్, కాస్త టేపు

ట్రెక్కింగ్ మూడో రోజు, కొండ దిగుడు దారిలో, బ్యాగు భుజం పట్టీ కుట్లు పటపటా తెగిపోయాయి. పది కిలోలూ ఒక్క భుజం మీదే!

నా రిపేరు సామానంతా అరచేతిలో పడుతుంది: లావు సూది, పళ్ల సందులు శుభ్రం చేసుకునే ఫ్లాస్, లైటరుకు చుట్టిన డక్ట్ టేపు. (మొదటి ట్రిప్పుకు స్క్రూడ్రైవర్ల సెట్టు మోశాను. ఎందుకో ఇప్పటికీ తెలీదు.) నైలాన్ ఫ్లాస్ మామూలు దారంకంటే గట్టిది, తడిసినా కుళ్లదు. రెండు పేటలుగా ఎక్కించి, పాత కుట్ల రంధ్రాల్లోంచే కుట్టాను. సూది దిగనప్పుడల్లా చెంచా వెనక వైపుతో నెట్టాను. అయినా బొటనవేలికి రెండుసార్లు గుచ్చుకుంది. చివర్లో అడ్డంగా నాలుగు కుట్లు, పైన టేపు.

చూడ్డానికి దరిద్రంగా ఉంది గానీ, మిగిలిన రెండు రోజులూ ఊడలేదు. ఇంటికొచ్చాక కూడా విప్పబుద్ధి కాలేదు.