కాన్‌బెర్రాలో కంచు పేర్లు

సిడ్నీ నుంచి కాన్‌బెర్రాకు కారులో మూడు గంటల దారి. హైవే వదిలి ఏ చిన్న ఊళ్లోకి మళ్లినా, మన పల్లెల్లో రామాలయం ఉన్నంత ఖాయంగా, మొదటి ప్రపంచ యుద్ధపు స్మారకం ఒకటి కనిపించింది. గౌల్‌బర్న్‌లో అయితే కొండ మీద బురుజే కట్టారు. ఇన్ని ఎందుకని అడిగితే, “శవాలు రాలేదు కదా మామయ్యా” అన్నాడు అక్కడే పుట్టి పెరిగిన మా మేనల్లుడు.

అప్పటికి యాభై లక్షలైనా లేని ఆస్ట్రేలియా జనాభాలోంచి 4,16,809 మంది సైన్యంలో చేరారు. అరవై వేల మందికి పైగా చనిపోయారు. ఎక్కడ పడినవారిని అక్కడే పూడ్చాలన్నది బ్రిటిష్ సామ్రాజ్య విధానం. యుద్ధకాలంలో స్వదేశానికి తెచ్చిన భౌతికకాయం టర్కీలోని గల్లిపోలీలో గాయపడి మరణించిన మేజర్ జనరల్ బ్రిడ్జెస్‌ది. యుద్ధానికి పంపిన లక్షకు పైగా గుర్రాల్లో తిరిగొచ్చింది కూడా ఆయన గుర్రం శాండీ ఒక్కటే. చావులోనూ హోదా పనిచేసిందన్నమాట!

ఐన్‌స్లీ కొండ పాదాన ఉన్న జాతీయ స్మారకంలో మాత్రం ఆ తేడా లేదు. వసారాల పొడవునా కంచు పలకలు, వాటి మీద అన్ని యుద్ధాల్లో పోయినవారివీ లక్షకు పైగా పేర్లు. ఎవరికీ ర్యాంకు రాయలేదు. పేర్ల పక్క సందుల్లో జనం ఎర్రటి గసగసాల పూలు గుచ్చి వెళ్తారు. 1916 జులైలో ఫ్రాన్స్‌లోని ఫ్రోమెల్‌లో ఒక్క రాత్రి పోరులోనే మృతులు, క్షతగాత్రులు, బందీలు కలిపి 5,533 మంది. కొన్ని పలకల మీద ఒకే ఇంటిపేరు వరసగా రెండు మూడు సార్లు వస్తుంది. అన్నదమ్ములేమో అనిపించి అక్కడ కాళ్లు ఆగిపోయాయి.

ఇంటి దగ్గర జరిగిన యుద్ధం గురించి ఈ రాళ్లు పెద్దగా మాట్లాడవు. మరణవార్త చెప్పే పని మతగురువులకు అప్పగించారు. పాస్టరుగారు వీధి మలుపు తిరిగితే ఏ తలుపు తడతారోనని తల్లులు హడలిపోయేవారు. విదేశాల్లో పోరాడటానికి నిర్బంధంగా పంపవచ్చా అని ప్రధాని బిల్లీ హ్యూస్ 1916లో, 1917లో ప్రజలను ఓటు అడిగితే రెండుసార్లూ వద్దన్నారు. ఆ గొడవలో లేబర్ పార్టీ చీలింది. దక్షిణ ఆస్ట్రేలియాలో జర్మన్ పేర్లున్న ఊళ్ల పేర్లు మార్చేశారు. చాలా ఊళ్ల స్మారకాల మీద బతికి వచ్చినవారి పేర్లు కూడా చెక్కారు. వెళ్లినవాళ్లంతా స్వచ్ఛందంగా వెళ్లినవారే కాబట్టి, రాతి మీద పేరు లేని యువకుడెవరో ఊరందరికీ తెలిసేది. గౌరవమే, కానీ అందులో కాస్త కక్ష కూడా ఉంది.

ఐరోపా సంతతి కానివారిని చేర్చుకోకూడదన్న నిబంధన ఉన్నా, సుమారు వెయ్యిమంది ఆదివాసులు ఎలాగో చేరి పోరాడారు. తిరిగొచ్చిన సైనికులకు ప్రభుత్వం సేద్యానికి భూములు పంచినప్పుడు, ఆ ఆదివాసుల్లో భూమి దక్కినవారు బహు కొద్దిమంది.

“ఆ భూమి అసలు వాళ్లదే కదా మామయ్యా” అన్నాడు మేనల్లుడు. వాళ్ల బడిలో చరిత్ర బాగానే చెబుతున్నట్టున్నారు.