మంచు కేకూ, గేదె వెన్నా

కేకు చేయడం పెద్ద కష్టమేం కాదు. కేకు సామాన్లు అమ్మే కొట్టువాడితో నెగ్గుకురావడమే కష్టం. క్రిస్మస్ అయిపోయింది, కేకు పళ్ళెం కూడా కడిగి బోర్లించేశాం గానీ నా కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. అది చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

ఈసారి మా చిన్నదానికి మంచు కేకు కావాలట. మూడు వరసలు, పైన మంచు, మంచులో చెట్లు, మధ్యలో ఒక స్నోమ్యాన్. మేముండేది గుంటూరులో. డిసెంబరులో కూడా మధ్యాహ్నం ఫ్యాను లేకపోతే చెమట పడుతుంది. మంచు అంటే లంబసింగిలో తెల్లవారుజామున చూసిందే తప్ప నాకు ఇంకోటి తెలియదు. అయినా సరేనన్నాను. మా ఇంట్లో కేకులు చేసేది నేనే, కొన్నేళ్లుగా నేనే. మా ఆవిడ నర్సు, పండగ వారమంతా డ్యూటీలే. ఓవెన్ మీట ఎటు తిప్పాలో కూడా ఆవిడకి తెలియదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

స్పాంజి గురించి చెప్పడానికి ఏమీ లేదు. నాలుగు గుడ్లు, మైదా, పంచదార, బటర్ తలా 200 గ్రాములు, రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, కాస్త వెనిల్లా. 6 అంగుళాల టిన్నులు మూడు, ఓటీజీలో (కరెంటుతో నడిచే చిన్న ఓవెన్) 170 డిగ్రీలు, పాతిక నిమిషాలు. పుల్ల గుచ్చితే పొడిగా వచ్చింది. ఉబ్బిన నెత్తిని బ్రెడ్డు కత్తితో సమంగా కోశాను, కోసిన ముక్కలు పిల్లలు తినేశారు. వరసల మీద చల్లడానికి కమలాపళ్ల రసంలో పంచదార కలిపి ఉంచాను. ఇక్కడిదాకా అంతా హాయిగానే సాగింది.

క్రీము దగ్గరే పరువు పోయింది.

బేకరీ కేకుల మీద తెల్లగా కనిపించే క్రీము చాలాచోట్ల పాలమీగడ కాదు. పామ్ కెర్నల్ నూనెలాంటి వాటితో చేసే నాన్‌డెయిరీ విప్పింగ్ క్రీము. లీటరు డబ్బాల్లో గడ్డకట్టి వస్తుంది, మైనస్ 18 డిగ్రీల్లో ఉంచాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. వాడే ముందు రోజు ఫ్రీజర్లోంచి తీసి కింద ఫ్రిజ్‌లో పెట్టి మెల్లగా కరగనివ్వాలి. ఇంకా కాసిన్ని ఐసు పలుకులు ఉండగానే చల్లటి గిన్నెలో పోసి బీటర్‌తో కొడితే కొద్ది నిమిషాల్లోనే బాగా పొంగి గట్టిపడుతుంది. ఇదంతా తు.చ. తప్పకుండా చేశాను. గిన్నె, బీటర్ పుల్లలు కూడా ముందే ఫ్రీజర్లో పెట్టాను.

నురగ వచ్చింది. ఇంకా కొట్టాను, మళ్ళీ నురగే. పైన బుడగలు, కింద పల్చటి పాలు. గిన్నె కింద ఇంకో గిన్నెలో ఐసు పెట్టి కొట్టాను. బీటర్ మోటారు వేడెక్కి కమురు వాసన మొదలైంది. గరిటెతో ఎత్తితే మజ్జిగలా జారిపోతోంది. గిన్నె అంచున తెల్లటి సన్న పలుకులు, వేలితో నలిపితే జిడ్డు. నూనె విడిపోయిందని అప్పుడర్థమైంది. పండగేమో నెత్తిమీదకొచ్చింది, ఒకటే టెన్షన్.

డబ్బాలో మిగిలింది పట్టుకుని కొట్టుకెళ్ళాను. పండగ రద్దీ, లోపల కాలు పెట్టే చోటు లేదు. "ఏమండీ, మొన్న ఇచ్చిన ఈ క్రీము లేవలేదు" అన్నాను. అతను తలెత్తకుండానే "ఎవరు కొట్టారు సార్?" అన్నాడు.

"నేనే."

అప్పుడు తలెత్తాడు. "మేడమ్ లేరా?"

"డ్యూటీకి వెళ్ళింది."

"మేడమ్ వచ్చాక ఒకసారి పంపించండి సార్, ఆవిడకి చెప్తాను. మీకు అర్థం కాదు."

పక్కన టిన్నులు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు ముఖాలు చూసుకుని నవ్వారు. ఇంకొకావిడ జాలిపడి "అన్నయ్యా, పంచదార ముందే వేసేశారా?" అని అడిగింది. ఈ క్రీములో తీపి ఉండనే ఉంటుందమ్మా, మనం వేయక్కర్లేదు అని నేను నోరు తెరిచేలోపే కొట్టువాడు "ఆ, అదే అయ్యుంటుంది" అని తేల్చేశాడు. కొట్టంతా నన్నే చూస్తోంది. చేతిలో డబ్బా కారి చొక్కా మీద పడుతోంది.

మార్చి ఇవ్వమంటే "బిల్లేది సార్?" అన్నాడు. కొన్న రోజు "బిల్లయితే జీఎస్టీ పడుతుంది, ఎందుకులెండి" అన్నది ఈ మనిషే! పైగా వెనక గోడ మీద బోర్డు చూపించాడు: "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు."

నేను బ్యాంకు కౌంటర్లో కూర్చునేవాణ్ణి. మాటలు పడటం నాకు కొత్త కాదు. కానీ ఆ నవ్వు మింగుడు పడలేదు. పెళ్లిళ్లలో వేలమందికి గాడిపొయ్యి మీద వండేది ఎక్కువగా మగవాళ్ళే. బేకరీల్లో తెల్లవారకముందే లేచి కేకులు చేసే మాస్టర్లూ మగవాళ్ళే. జీతం తీసుకుని చేస్తే గౌరవం, ఇంట్లో కూతురి కోసం చేస్తే నవ్వులాట. ఇదెక్కడి న్యాయమో నాకైతే అర్థం కాలేదు.

తిరిగొస్తూ మా వీధి చివర బేకరీలో మాస్టర్ని కలిశాను. పెద్దాయన, బాబాయ్ అని పిలుస్తాను. డబ్బా చూసీచూడగానే "బాబూ, ఇది కరిగి మళ్ళీ గడ్డకట్టిన సరుకు. నువ్వు కాదు, నేను కొట్టినా లేవదు" అన్నాడు. కొందరు కరెంటు ఖర్చని రాత్రిళ్ళు ఫ్రీజర్ ఆపేసి వెళ్ళిపోతారట. కరిగి గడ్డకడితే లోపలి కొవ్వూ నీళ్ళూ విడిపోతాయి, ఇక అది గాలిని పట్టి ఉంచలేదు. కొనేటప్పుడు డబ్బాను ఊపి చూడాలన్నాడు. లోపల ఏమాత్రం కదిలినా తీసుకోవద్దు. గట్టిగానే ఉన్నా మూలలు ఉబ్బి, అట్ట వంకరపోయి ఉంటే వదిలెయ్యాలి. నా డబ్బా మూల అచ్చం అలాగే ఉబ్బి ఉంది. ఆయన్ని ఒక లీటరు అడిగాను గానీ పండగ ఆర్డర్లకే చాలడం లేదన్నాడు.

ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చుంటే అమ్మ అంది, "ఎందుకురా ఆ నూనె క్రీము? ఫ్రిజ్‌లో అంత వెన్న పెట్టుకుని!"

కొట్లో దొరికే బటర్‌తో క్రీము చేస్తే పసుపుపచ్చగా వస్తుంది. అది పోగొట్టడానికి సూది మొనంత ఊదా రంగు కలుపుతుంటారు. గేదె వెన్నకి ఆ గొడవే లేదు. ఆవు పాలలో పసుపునిచ్చే కెరోటిన్ ఉంటుంది, గేదె పాలలో దాదాపు ఉండదు. అందుకే మన ఇళ్లలో చిలికిన వెన్న తెల్లగా ఉంటుంది. దాంతో వచ్చే చిక్కల్లా నీళ్ళే. ఐసు నీళ్లలో వేసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా మార్చి మార్చి కడిగాను. పులుపు వాసన పోయింది. తర్వాత పల్చటి గుడ్డలో మూటకట్టి గట్టిగా పిండి, మూటతోనే ఫ్రిజ్‌లో పెట్టాను. పంచదారని కప్పుకి చెంచాడు కార్న్‌ఫ్లోర్ చొప్పున వేసి మిక్సీలో మెత్తగా కొట్టి, రెండుసార్లు జల్లించాను. వెన్న కాసేపు బయట ఉంచి మెత్తబడ్డాక ముందు దాన్నొక్కదాన్నే కొట్టి, పొంగిన తర్వాతే పంచదార కొంచెం కొంచెం వేయాలి. 400 గ్రాముల వెన్నకి 600 గ్రాములు పట్టింది. పగలు పెట్టుకోకండి, వేడికి జారిపోతుంది. పిల్లలు పడుకున్నాక, రాత్రి చలిలో చేశాను.

ముందు పల్చటి పూత పూసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచాను, కేకు పొడి ఊడి మంచులో కలవకుండా. తర్వాత మందంగా రెండో పూత. ఇది నునుపుగా రావాలని పట్టుబట్టక్కర్లేదు, చెంచా వెనకతో అక్కడక్కడ లేపితే గాలికి పోగైన మంచు తీరే వస్తుంది. ఎండుకొబ్బరి మీది గోధుమ రంగు తొక్క మొత్తం చెక్కేసి, తెల్లటిది మాత్రం తురిమి, అరచేత్తో చుట్టూ అద్దాను. ఐస్‌క్రీమ్ కోన్లు బోర్లించి, వాటి మీద ఆకుపచ్చ క్రీముతో కింద నుంచి పైకి ముళ్ళు ముళ్ళుగా పిండితే చెట్లయ్యాయి. స్నోమ్యాన్ అంటే ఒకదాని మీద ఒకటి రెండు కొబ్బరి లడ్డూలు. కళ్ళకి లవంగాలు, ముక్కుకి క్యారెట్ ముక్క. లడ్డూల మధ్య టూత్‌పిక్ గుచ్చాలి, కోసే ముందు దాన్నీ లవంగాలనూ తీసేయాలి, పిల్లలున్న ఇల్లు.

ఆ కొట్లోనే వెండి తళుకుల సీసా ఒకటి కొన్నాను. మీద "నాన్ టాక్సిక్" అని ఉంది అంతే. విషం కాదన్నంత మాత్రాన తినేది కాదు కదా! "ఎడిబుల్" అని, అందులో ఏమేం కలిపారో, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఇవన్నీ ఉంటేనే కేకు మీద చల్లండి. నాది మా పెద్దవాడి గ్రీటింగ్ కార్డులకి పనికొచ్చింది.

చర్చి నుంచి వచ్చాక కేకు కోశాం. వెన్న క్రీము ఫ్రిజ్‌లో రాయవుతుంది, అరగంట ముందే బయట పెట్టాలి, కత్తిని వేడినీళ్లలో ముంచి తుడిచి కోయాలి. మా బావ రెండో ముక్క తింటూ ఏ బేకరీ అని అడిగాడు. మా ఆవిడ నా వైపు చూపించింది. ఆ మాట ఆ కొట్లో పదిమంది ముందు వినపడితే బాగుండేది.

కొట్టువాణ్ణి మాత్రం వదల్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, పాడైన సరుకు వెనక్కి తీసుకోకపోవడమూ రెండూ తప్పే. ఆ బోర్డు రాసి పెట్టుకున్నంత మాత్రాన చెల్లదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. బిల్లు లేదు గానీ యూపీఐలో కట్టిన రుజువు ఉంది, ఉబ్బిన డబ్బా ఫోటోలూ ఉన్నాయి. ఇంకా జవాబు రాలేదు. లీటరు క్రీము డబ్బుల కోసం ఇంత గొడవా అని అమ్మ విసుక్కుంటోంది.