గ్రీన్‌కార్డ్ మీద నా మొదటి రివాల్వర్: ఫారం 4473 నుంచి రేంజ్ దాకా

గ్రీన్‌కార్డ్ వచ్చేదాకా నేను తుపాకీ జోలికి వెళ్ళలేదు. హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంటుంది. ఏ కాగితమూ లేకుండా స్నేహితుడి తుపాకీ చేతిలోకి తీసుకుని ఫొటో దిగి, దాన్ని అందరికీ పంపేవాళ్ళని చూశాను. వీసా, ఉద్యోగం, ఏళ్ళ తరబడి ఎదురుచూసిన గ్రీన్‌కార్డ్, అన్నీ ఆ ఒక్క ఫొటోతో చిక్కుల్లో పడొచ్చు. ఇది రాయాలని కూర్చోవడానికి ముఖ్య కారణం అదే.

నేను ఉండేది టెక్సస్‌లో, డాలస్ దగ్గర. నాకు కావలసింది గురి నేర్చుకోవడానికి ఒక తుపాకీ, అంతే. మా వీధిలో ఒంగోలు నుంచి వచ్చి స్థిరపడిన అన్న ఒకాయన ఉన్నాడు. "మొదటిది .22 తీసుకో తమ్ముడూ, అదీ సింగిల్ యాక్షన్. నిన్ను తొందరపడనివ్వదు" అన్నాడు. .22 అంటే సన్నటి చిన్న తూటా కాల్చే తుపాకీ. ఇప్పుడు నన్నెవరైనా అడిగినా నేను చెప్పేది ఆ మాటే.

సింగిల్ యాక్షన్ అంటే ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్‌ని, అంటే తుపాకీ వెనక ఉండే సుత్తి లాంటి మీటని, వెనక్కి లాగాలి. అలా లాగినప్పుడే సిలిండర్ (తూటాలు పెట్టే గుండ్రటి భాగం) తిరిగి కొత్త తూటా బ్యారెల్ ఎదురుగా వస్తుంది. ట్రిగ్గర్‌కి ఉన్న పని ఒక్కటే, హ్యామర్‌ని వదలడం. 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ అనే రివాల్వర్‌ది ఇదే పద్ధతి. రూగర్ కంపెనీ 1953లో ఈ పద్ధతిని .22కి తెచ్చి సింగిల్-సిక్స్ అని అమ్మింది. సిలిండర్ పక్కకి తెరుచుకోదు. కుడివైపు చిన్న గేటు తీసి ఒక్కో తూటా పెట్టాలి. కాల్చాక ఖాళీ తొడుగుల్ని కూడా బ్యారెల్ కింద ఉండే కడ్డీతో ఒక్కొక్కటిగా తోయాలి. ఆరు తూటాలు పేల్చడానికి పట్టే సమయం కంటే తీసి మళ్ళీ నింపడానికి పట్టే సమయమే ఎక్కువ. కొత్తగా నేర్చుకునేవాడికి ఇది చాలా మంచిది. చేతిలో ఏముందో, ఎన్ని మిగిలాయో ప్రతి క్షణం తెలుస్తుంది.

.22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నుంచీ ఉంది. మామూలు తూటాలకి అడుగున మధ్యలో ప్రైమర్, అంటే నిప్పు రాజేసే మందు, ఉంటుంది. దీనికి ఆ మందు అడుగు అంచు లోపల చుట్టూ ఉంటుంది. పిన్ ఆ అంచుని నొక్కితే పేలుతుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. తయారీ ఖర్చు తక్కువ, దెబ్బ తక్కువ, వెనక్కి తన్నడం దాదాపు ఉండదు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్ పోటీల్లో కాల్చేది ఈ .22నే. చిన్నదని చులకన చేయకూడదు. మనిషి ప్రాణం తీయడానికి అది చాలు.

చవకలో నా ముందు రెండే కనిపించాయి: హెరిటేజ్ రఫ్ రైడర్, రూగర్ రాంగ్లర్. రఫ్ రైడర్ రెండు వందల డాలర్ల లోపే దొరుకుతుంది. కొన్ని మోడళ్ళకి .22 మాగ్నమ్ అనే ఇంకాస్త పెద్ద తూటా కోసం రెండో సిలిండర్ కూడా ఇస్తారు. దానికి ఎడమవైపు చిన్న సేఫ్టీ మీట ఉంటుంది. ఎర్ర చుక్క కనిపిస్తే తుపాకీ పేలడానికి సిద్ధంగా ఉన్నట్టు. రాంగ్లర్ 2019లో వచ్చింది, అప్పుడు కంపెనీ పెట్టిన ధర 249 డాలర్లు. ఫ్రేమ్ అల్యూమినియం మిశ్రమం, పైన సెరాకోట్ పూత. నేను రాంగ్లర్ వైపు మొగ్గింది ట్రాన్స్‌ఫర్ బార్ కోసం. ఇందులో హ్యామర్ నేరుగా ఫైరింగ్ పిన్‌ని తాకదు. ట్రిగ్గర్ నొక్కి ఉంచినప్పుడే మధ్యలోకి ఒక ఉక్కు ముక్క లేచి దెబ్బని పిన్‌కి అందిస్తుంది. చెయ్యి జారి కింద పడ్డా పేలకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. పిల్లలున్న ఇంటికి కొంచెం డబ్బు ఎక్కువైనా ఇదే మేలని నా అభిప్రాయం.

ఇంట్లో మా ఆవిడ ఒక్క షరతు పెట్టింది. "ఏవండీ, ముందు సేఫ్ ఇంటికి రావాలి, ఆ తర్వాతే అది రావాలి." నూటికి నూరుపాళ్ళూ సరైన మాట. టెక్సస్‌లో పదిహేడేళ్ళలోపు పిల్లలకి తూటాలు నింపిన తుపాకీ అందేలా వదిలేస్తే అది నేరం కూడా. సేఫ్ కొని, గోడకి బిగించాక దుకాణానికి వెళ్ళాను.

టెక్సస్‌లో కొనడానికి ముందస్తు పర్మిట్ అక్కర్లేదు. ఫెడరల్ లైసెన్స్ ఉన్న దుకాణంలో చేతితుపాకీ కొనాలంటే ఇరవై ఒక్క ఏళ్ళు నిండాలి, కొనేవాళ్ళ వివరాలు రాసే ఫెడరల్ ఫారం 4473 నింపాలి. మనవాళ్ళకి చిక్కొచ్చేది ఆ ఫారంలో పేరు దగ్గరే. ఇంటిపేరు, అసలు పేరు, పాస్‌పోర్టులో ఒకలా, డ్రైవింగ్ లైసెన్స్ మీద ఇంకోలా ఉంటాయి. మధ్యపేరు లేకపోతే ఎన్ఎమ్ఎన్ అని, పొడి అక్షరం మాత్రమే ఉంటే ఆ అక్షరం పక్కన ఐఓ అని రాయాలి. ఖాళీ వదలకూడదు. గ్రీన్‌కార్డ్ మీద ఉండే ఏ-నంబర్ అడుగుతారు కాబట్టి కార్డు వెంట ఉండాలి. ఇల్లు మారినవాళ్ళకి మరో మాట: లైసెన్స్ మీద పాత అడ్రస్ ఉంటే, కొత్త అడ్రస్ ఉన్న ప్రభుత్వ పత్రం ఇంకొకటి చూపించాలి. నాకు కారు రిజిస్ట్రేషన్ కాగితం పనికొచ్చింది. కరెంటు బిల్లు ప్రైవేటు కంపెనీదైతే కుదరదు.

ఫారంలో తుపాకీ మీకోసమే కొంటున్నారా అని అడుగుతారు. వీసా మీద ఉన్న స్నేహితుడు డబ్బులిచ్చి "నీ పేరు మీద కొనిపెట్టు అన్నా" అంటే, దానికి అవునని రాయడం ఫెడరల్ నేరం. మొహమాటానికి పోవద్దు. గంజాయి ప్రశ్న కూడా ఉంటుంది. మీ రాష్ట్రంలో చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టం ఒప్పుకోదని ఫారం మీదే రాసి ఉంటుంది.

ఆ తర్వాత దుకాణంవాళ్ళు కొనేవాళ్ళ నేపథ్యం తనిఖీ చేయడానికి ఎఫ్‌బీఐ నడిపే నిక్స్‌లో వివరాలు సరిచూస్తారు. 1993 నాటి బ్రేడీ చట్టం వల్ల వచ్చిన ఈ వ్యవస్థ 1998 నవంబరు నుంచి నడుస్తోంది. జవాబు మూడు రకాలు: ప్రొసీడ్ (ఇవ్వొచ్చు), డిలేడ్ (ఇంకా ఆగాలి), డినైడ్ (ఇవ్వకూడదు). నా పక్క కౌంటర్‌లో ఉన్నాయన కొద్ది నిమిషాల్లో డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు. నాకు డిలేడ్ వచ్చింది. చాలా టెన్షన్ పడ్డాను. ఏదైనా కేసు ఉందేమోనని, ఇమ్మిగ్రేషన్ ఫైలులో ఏదైనా మచ్చ పడిందేమోనని పిచ్చి ఆలోచనలన్నీ వచ్చాయి. కౌంటర్‌లో ఉన్న పెద్దాయన నిదానంగా చెప్పాడు. పౌరులు కానివాళ్ళ విషయంలో ఇమ్మిగ్రేషన్ రికార్డులు కూడా విడిగా అడుగుతారు, ఆ జవాబు రావడానికి సమయం పడుతుంది. డిలే అంటే తిరస్కరణ కాదు. మూడు పనిదినాలు గడిచినా జవాబు రాకపోతే ఇవ్వడానికి చట్టం దుకాణానికి వీలిస్తుంది. ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టం. నాకు ఆలోపే ప్రొసీడ్ అని ఫోన్ వచ్చింది. ప్రతిసారీ ఇలా ఆగకుండా ఉండాలంటే ఎఫ్‌బీఐ దగ్గర వాలంటరీ అప్పీల్ ఫైల్ పెట్టుకోవచ్చు. ఆమోదిస్తే యూపిన్ అనే నంబర్ ఇస్తారు, తర్వాత కొనేటప్పుడు ఫారంలో రాస్తే చాలు. నేనూ దరఖాస్తు పెట్టాను.

కాల్పుల సాధన చేసే రేంజ్‌లో మొదటిరోజు సిలిండర్‌లో ఒక్క తూటా మాత్రమే పెట్టుకుని కాల్చాను. అన్న పక్కనే నిలబడి చూశాడు. రాంగ్లర్ మీద గురిచూసే గాడి కదలదు, సర్దడానికి స్క్రూలు లేవు. నా గుళ్ళు కొంచెం ఎడమకి, కిందికి పడ్డాయి. తుపాకీదే తప్పేమోనని ఆయన్ని కాల్చమన్నాను. నల్లచుక్క మధ్యలో పడింది. ఆ తర్వాత ట్రిగ్గర్‌ని వేలి కొసతో మెల్లగా నొక్కడం మీదే దృష్టిపెట్టాను. రిమ్‌ఫైర్‌లో అప్పుడప్పుడూ తూటా పేలదు. అలాంటప్పుడు బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి అరనిమిషం ఆగాలి, అది ఆలస్యంగా పేలొచ్చు. చెవులకీ కళ్ళకీ రక్షణ తప్పనిసరి. .22 గుళ్ళు చాలావరకు సీసంవి. ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడగాలి, చొక్కా మార్చాలి.

సెలవులకి ఊరెళ్ళేవాళ్ళు ఈ మాట మాత్రం మరిచిపోకండి. .22 తూటా చిటికెనవేలంత కూడా ఉండదు, బ్యాగ్ అడుగున కుట్టు సందులో ఇరుక్కుంటే కనిపించదు. లైసెన్స్ లేకుండా ఒక్క తూటా దగ్గర ఉన్నా మన దేశంలో 1959 ఆయుధ చట్టం కింద కేసు పెడతారు. శంషాబాద్‌లో స్కానర్ దగ్గర "నాకు తెలియదండీ" అంటే వదిలిపెట్టరు. రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగ్‌ని ప్రయాణానికి ఎప్పుడూ వాడకండి. మాది గ్యారేజీలో, సూట్‌కేసులకి దూరంగా, విడిగా కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది.